అప్‌డేట్: గానుగెద్దు పరుగు

మారథాన్ సాధన, నెలకు రెండు దోహా ప్రయాణాలు, రాత్రంతా యుద్ధ వార్తలు. వీటితో ఎలా నెగ్గుకురావాలని ఇంతకుముందు మిమ్మల్ని అడిగింది నేనే. 2025 జూన్ 23న ఖతార్ గగనతలం మూసేసినప్పుడు అన్నయ్య అక్కడే ఉన్నాడు. ఆ భయం ఇంకా పూర్తిగా వదలలేదు.

మీరు చెప్పినట్టే సుదీర్ఘ పరుగును ఆదివారానికి మార్చాను. నల్లగొండలో ఉంటే తెల్లవారుజామున ఐదింటికల్లా పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద ఉంటాను. మొన్న ఎండ ముదిరేలోగా 28 కిలోమీటర్లు పూర్తయ్యాయి (చివరి మూడూ నడకే, దాచడమెందుకు). దోహాలో హోటల్ ట్రెడ్‌మిల్లే గతి, అచ్చం గానుగెద్దులా.

వార్తలు సాయంత్రం ఒక్కసారే, అదీ అన్నయ్యతో మాట్లాడాక. "నువ్వు టీవీ చూసి వణుకుతున్నావు, నేనిక్కడ బిర్యానీ తింటున్నాను" అని నవ్వాడు.

ఆగస్టులో హైదరాబాద్‌లో మారథాన్, 42.195 కిలోమీటర్లు. అక్కడి ఫ్లైఓవర్ల ఎక్కుడుకు సాధనగా నల్లగొండలోని లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లెక్కుతున్నాను. కుడి మోకాలు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.