నలుగురు వేసిన కలంకారి పటం, సంతకం మాత్రం ఒక్కరిదా?

గట్టుమీద: శ్రీకాళహస్తి స్టూడియోల నుంచి తిరుపతి ప్రదర్శనలకు నిలువెత్తు పటాలొస్తున్నాయి. గీత ఒకరిది, కసిమి (నల్లగీతకు వాడే ఇనుప ద్రావణం) ఒకరిది, పటిక, ఉడకబెట్టడం ఇంకొకరివి, ఉతుకు మరొకరిది. కింద పేరు ఒకటే. న్యాయమేనా?

బొగ్గుగీత: న్యాయమే. ఊహ, కొలత, చింతబొగ్గు గీత సంతకం పెట్టినాయనవి. తక్కినదంతా రంగు నింపడం.

కరక్కాయ: నింపడమా? గాడా బట్ట (ముతక నూలు బట్ట) గంజి పూర్తిగా పోకపోతే కరక్కాయ రసం మచ్చలుగా పడుతుంది. గేదె పాలలో కొవ్వు చాలకపోతే కలం ఆనగానే కసిమి పాకుతుంది, మీ గీత రెండింతలు లావవుతుంది. తుప్పినుము, బెల్లం రెండు మూడు వారాలు ఊరితేగానీ కసిమి కాదు. అది కరక్కాయతో కలిస్తేనే నలుపు. ఘాటెక్కువైతే కొన్నేళ్లకు గీత వెంబడే బట్ట చిరుగుతుంది. ఇవన్నీ చూసుకునేది ఎవరు?

బొగ్గుగీత: గేదె పాలే కావాలన్న పట్టింపేంటి? చిక్కటి ప్యాకెట్ పాలూ ఆపుతాయి.

కరక్కాయ: చిక్కనివైతే ఆపుతాయి, నీళ్లు కలిపినవి ఆపవు. నేనడిగింది పాల గురించి కాదు.

పెడన_అల్లుడు: మా పెడన వైపు కలంకారి చెక్క అచ్చులతో వేస్తారు, ఆ అచ్చు చెక్కినాయన పేరు కూడా ఎవరూ వెయ్యరు 🙂

బొగ్గుగీత: జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపుంది కదా, అందరికీ గౌరవమే.

గట్టుమీద: అది ఊరికీ పద్ధతికీ అన్నా. పనిచేసిన మనిషి పేరు అందులో ఎక్కడుంది?

కరక్కాయ: ఉతుకు సంగతీ వినండి. పటిక పూసి ఆరాక పారే నీళ్లలో జాడించాలి. తొట్టిలో ముంచితే వదిలిన పటిక ఖాళీ జాగాలో కూర్చుంటుంది, మంజిష్ఠ (ఎర్రరంగునిచ్చే వేరు)తో ఉడకబెట్టగానే ఆ ఖాళీ జాగా అంతా ఎరుపెక్కుతుంది. స్వర్ణముఖిలో నీళ్లు లేని రోజుల్లో తొట్టి నీళ్లు ఎన్నిసార్లు మార్చాలో తేల్చేది ఆ ఉతికే మనిషే. అక్కడ తప్పితే పటం మొత్తం పోయినట్టే.

బొగ్గుగీత: పోతే నష్టం స్టూడియోదే కదబ్బా! బట్ట, రంగులు, ప్రదర్శన ఖర్చు ఎవరు పెడుతున్నారు? పేర్లన్నీ వేస్తే కొనేవాళ్లు రేపు నేరుగా వాళ్ల ఇంటికే పోతారు.

గట్టుమీద: అదీ అసలు మాట! ఇంతసేపూ కళ అన్నారు, భయం బేరం గురించి.

బొగ్గుగీత: భయం కాదు, వ్యాపారం. మీరు నడపండి ఒక స్టూడియో, తెలుస్తుంది.

కరక్కాయ: నడపనక్కర్లేదు. మీటరు లెక్కన కూలిచ్చి, లక్షల్లో అమ్మి, పేరూ ఉంచుకుంటామంటే ఎట్లా? సంతకం మీరే పెట్టుకోండి. పటం వెనక అంచున గీత ఎవరిది, కసిమి ఎవరిది, పటిక ఎవరిది, ఉతుకు ఎవరిది అని నాలుగు వరసలు రాయండి. దానికి మీకేం అడ్డం?

బొగ్గుగీత: వెనక రాస్తే ఫోటో తీసి పెట్టరా ఏంటి...

పెడన_అల్లుడు: పెడతారు. పెట్టనీండి.