ఇరవై నిమిషాల ప్రోగ్ పాట: ఒకే పాటా, అతికించిన ముక్కలా?

ఆర్గాన్_పిచ్చి

నిన్న ఒక మిత్రుడితో గంటన్నర సేపు వాదన పడింది, ప్రోగ్రెసివ్ రాక్ (ముద్దుగా ప్రోగ్) అనే రాక్ సంగీతంలో ఇరవై నిమిషాలు దాటే పాటల గురించి. "అవి పాటలే కావు. విడివిడిగా రాసుకున్న చిన్న పాటల్ని ఒకదాని వెనక ఒకటి తగిలించి పైన ఒక పేరు పెట్టారు, అంతే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ రాత్రి పడుకున్నాక, అందులో సగం నిజం ఉందేమో అనిపించి నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. మీకు ప్రాణమైన పొడవాటి పాట ఏది? దాన్ని మొదటిసారి ఎలా విన్నారు? అది మీ చెవికి ఒకే పాటగా వినిపిస్తుందా?

నా పాట జెనెసిస్ బ్యాండ్ వాళ్ల 'సప్పర్స్ రెడీ'. 1972లో వచ్చిన 'ఫాక్స్‌ట్రాట్' ఆల్బమ్‌లో ఆఖరిది. దాదాపు 23 నిమిషాలు, ఏడు భాగాలు. నాకు అది కాలేజీలో ఒక సీనియర్ కాపీ చేసి ఇచ్చిన క్యాసెట్‌లో దొరికింది. 90 నిమిషాల టేపు, అంటే ఒక్కో వైపు 45. ఆల్బమ్ ఏమో 51 నిమిషాలు. ఆయన మొత్తాన్ని ఒకే వైపు ఎక్కించారు, చివరి ఆరు నిమిషాలు పట్టలేదు. బ్యాండ్‌లో కీబోర్డులు వాయించే టోనీ బ్యాంక్స్ ఆర్గాన్ సోలో ఊపందుకుని మెట్టు మీద మెట్టు ఎక్కుతుంటే, సరిగ్గా అక్కడ టక్‌మని ప్లే బటన్ పైకి లేచేది. గదంతా నిశ్శబ్దం.

రెండేళ్ల పాటు నాకు ఆ పాట అక్కడితో సరి. మిగతాది ఎవరి దగ్గరా దొరకలేదు. ఇంకా ఉందని కూడా నాకెవరూ చెప్పలేదు, కానీ చెవికి తెలిసిపోయింది. ఆ టక్ విన్న ప్రతిసారీ మాట మధ్యలో ఎవరో లేచి వెళ్లిపోయినట్టు ఉండేది.

తర్వాత సీడీ చేతికొచ్చింది. సోలో పూర్తయింది. డ్రమ్స్ దొర్లాయి, గంటలు మోగాయి, వాటి మధ్యలోంచి మొట్టమొదటి భాగంలోని బాణీ తిరిగొచ్చింది. మొదట్లో అది పన్నెండు తీగల గిటార్ల మీద మెల్లగా, పక్కవాళ్లకి మాత్రమే వినపడేట్టు పాడినది. ఇప్పుడు బ్యాండ్ మొత్తం దాని వెనక నిలబడి ఉంది. పీటర్ గాబ్రియెల్ గొంతు చీలిపోయేలా పాడుతున్నాడు. నేను నిలబడినవాణ్ణి నేల మీద కూర్చుండిపోయాను.

ముక్కలే అయితే నా టేపు అసంపూర్తిగా ఎందుకు అనిపించింది? మూడు నిమిషాల పాటలు ఐదు విని ఆపేస్తే అలా అనిపించదు కదా.

---

కత్తి_టేపు

జ్ఞాపకం బాగుంది. అయినా మీ మిత్రుడి పక్షమే నాది. నేను సౌండ్ ఎడిటింగ్ చేస్తాను, అతుకులు వినడమే నా పని.

మీ పాటతోనే మొదలుపెడదాం. అందులో 'విల్లో ఫార్మ్' అనే భాగం గాబ్రియెల్ విడిగా రాసుకున్న పాట. అప్పటిదాకా వచ్చింది తమ పాత పాటల దారిలోనే పోతోందనిపించి, దాన్ని విరగ్గొట్టడానికి ఆ పాటని తెచ్చి మధ్యలో పెట్టారు. ఈ సంగతి బ్యాంక్సే చెప్పాడు.

'ఎస్' (Yes) బ్యాండ్ వాళ్ల 'క్లోజ్ టు ది ఎడ్జ్' (1972) కూడా అంతే. పొడవు 18 నిమిషాల పైచిలుకు. బ్యాండ్ దాన్ని మొదటి నుంచి చివరిదాకా వాయించి రికార్డు చేయలేదు. కొంచెం కొంచెంగా వాయించారు, రికార్డింగ్ ఇంజనీర్ ఎడ్డీ ఆఫర్డ్ టేపుని బ్లేడుతో కోసి అతికించాడు. మధ్యలో వచ్చే పెద్ద ఆర్గాన్ అయితే స్టూడియోలోది కూడా కాదు, లండన్‌లోని సెయింట్ జైల్స్ చర్చిలోది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, చుట్టూ ఉన్న గాలే మారిపోతుంది. పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్' పుట్టిందే తునకల నుంచి. ఆ తునకలకి వాళ్లు పెట్టుకున్న పేరు 'నథింగ్'.

ఇక నిడివి సంగతి. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ వాళ్ల 'టార్కస్' 20 నిమిషాల 35 సెకన్లు. రష్ వాళ్ల '2112' 20 నిమిషాల 33 సెకన్లు. 'ఎకోస్' 23న్నర. అందరికీ అదే లెక్క ఎందుకు వచ్చింది? ఎల్‌పీకి, అంటే గ్రామఫోన్ రికార్డుకి, ఒక వైపు పట్టేది అంతే కాబట్టి. పాట అడిగిన పొడవు కాదది, రికార్డు ఇచ్చిన పొడవు.

---

పాత_రికార్డు

రికార్డు లెక్క నిజమే, దానికి కారణం కూడా చెప్తాను. ఎల్‌పీ మీద గాడులు ఎంత వెడల్పుగా ఊగితే శబ్దం అంత గట్టిగా, బేస్ అంత నిండుగా వస్తుంది. ఒక వైపు నిమిషాలు పెంచాలంటే గాడుల్ని దగ్గర దగ్గరగా కోయాలి, అప్పుడు శబ్దం తగ్గించక తప్పదు. అందుకే 20 దాటి కాస్త ముందుకెళ్లగానే ఇంజనీర్లు గొణిగేవాళ్లు.

కానీ హద్దు ఉన్నంత మాత్రాన లోపల గీసింది బొమ్మ కాకుండా పోదు కదండీ. గోడ ఎంత ఉంటే చిత్రం అంత వేస్తారు.

నాకిష్టమైనది జెత్రో టల్ 'థిక్ యాజ్ ఎ బ్రిక్', 1972. ఆల్బమ్ మొత్తం ఒకటే పాట, 43 నిమిషాల పైన. అట్ట మడతలు విప్పితే ఒక ఊళ్లోవాళ్ల వార్తాపత్రిక. అంతకుముందు ఆల్బమ్ 'ఆక్వలంగ్'ని అందరూ కాన్సెప్ట్ ఆల్బమ్ (పాటలన్నీ ఒకే ఇతివృత్తం చుట్టూ తిరిగేది) అంటుంటే, "కాదంటే వినరు కదా, అయితే అసలైనది ఇదిగో" అన్న పట్టుదలతో ఆ బ్యాండ్ గాయకుడు ఇయాన్ ఆండర్సన్ చేసిన పని అది. నాకు అదేమీ తెలియదు అప్పుడు. మా బాబాయి రికార్డు పెట్టి బయటికి వెళ్లారు. నేను పత్రికలో చిన్న ప్రకటనలు కూడా వదలకుండా చదువుతూ విన్నాను. మొదటి వైపు పాట గాలిలో కలిసిపోతున్నట్టు సన్నబడి ఆగింది. లేచి, రికార్డుని అంచులు పట్టుకుని తిప్పి, సూది పెట్టాను. దూరం నుంచి గాలి చప్పుడు వినిపించింది. మళ్లీ అదే పాట. ఆ తిప్పడం కూడా పాటలో భాగమే నాకు. ఇప్పుడు సీడీ మీద వింటున్నా 22వ నిమిషం దాటగానే లేవబోతాను.

---

పదమూడు_ఎనిమిది

నేను రెండు పక్షాలకీ కొంచెం దూరం. ఒకటే పాటగా నిలబడటానికి ఇరవై నిమిషాలు అక్కర్లేదని నా అభిప్రాయం. కింగ్ క్రిమ్సన్ 'స్టార్‌లెస్' (1974, 'రెడ్' ఆల్బమ్) పన్నెండు నిమిషాలే.

మొదటి నాలుగు నిమిషాలు మెల్లోట్రాన్ (టేపుల మీద ఎక్కించిన వాద్యాల శబ్దాల్ని వినిపించే కీబోర్డు) మీద దుఃఖంగా సాగే పాట. తర్వాత అంతా ఆగిపోయి, 13/8 తాళంలో జాన్ వెటన్ బేస్ ఒక్కటే నడుస్తుంది. దాని మీద రాబర్ట్ ఫ్రిప్ గిటార్‌పై ఒకే స్వరాన్ని మీటుతూ కూర్చుంటాడు. ఒకటే స్వరం. కాసేపటికి కాస్త పైకి, మళ్లీ కాస్త పైకి. డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ పక్కన చిన్న చిన్న శబ్దాలు చేస్తూ ఉంటాడు. నిమిషాలు గడుస్తాయి. మొదటిసారి విన్నప్పుడు పరీక్ష హాలు బయట నిలబడ్డంత టెన్షన్ నాకు. పళ్లు బిగపట్టి విన్నాను. చివర్లో ఆ తొలి బాణీ శాక్సఫోన్ మీద తిరిగొచ్చినప్పుడు ఏడ్చేశాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

ఆర్గాన్_పిచ్చి గారు చెప్పిన "తిరిగి రావడం" ఇందులోనూ ఉంది, సగం సమయంలోనే. పొడవు పెంచితే గొప్పతనం పెరుగుతుందన్నది ప్రోగ్ వాళ్లకి పట్టిన జబ్బు. 1973లో 'ఎస్' వాళ్లు 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' చేశారు. పరమహంస యోగానంద ఆత్మకథలో శాస్త్రాల గురించి ఉన్న ఒక అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) చదివి గాయకుడు జాన్ ఆండర్సన్ నాలుగు పాటలకి రూపం ఇచ్చాడు, వైపుకి ఒకటి. ఆలోచన నాకు చాలా ఇష్టం. కానీ సరుకు ఒక రికార్డుకి ఎక్కువ, రెండింటికి తక్కువ అని వాళ్ల కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ మొదటి నుంచీ అంటూనే ఉన్నాడు. ఆ పర్యటన అయ్యాక బ్యాండ్ వదిలేశాడు కూడా.

---

ఆరు_తీగలు

'టేల్స్' మూడో వైపు ఓపిగ్గా నాలుగుసార్లు వినండి, తర్వాత మాట్లాడదాం. అది వేరే చర్చ.

నేను చెప్పాలనుకున్నది రష్ '2112' (1976) గురించి. కత్తి_టేపు గారు దాన్ని లెక్కలో చేర్చారు కాబట్టి. అంతకుముందు ఏడాది 'కేరెస్ ఆఫ్ స్టీల్'లో కూడా ఒక వైపంతా ఒకే పాట పెట్టారు, ఆల్బమ్ అమ్ముడుపోలేదు. కంపెనీ చిన్న పాటలు చేయమంది. వాళ్లు మళ్లీ ఒక వైపంతా ఒకే పాట చేశారు. రికార్డులో చోటుంది కదా అని చేసిన పని కాదది. మళ్లీ ఓడితే బ్యాండే ఉండదని తెలిసి చేసింది.

అందులో మూడో భాగం 'డిస్కవరీ'. సంగీతం నిషేధించిన లోకంలో, జలపాతం వెనక గుహలో ఒకడికి పాత గిటార్ దొరుకుతుంది. నీళ్ల చప్పుడు. అలెక్స్ లైఫ్‌సన్ ఉత్త తీగలు మీటుతాడు, శ్రుతి తప్పి ఉంటాయి. ఒక్కొక్క తీగే బిగిస్తాడు. తర్వాత హార్మోనిక్స్, అంటే తీగని వేలితో ఊరికే తాకి మీటితే వచ్చే సన్నటి స్వరాలు. తర్వాత రెండు మూడు స్వరాలు కలుస్తాయి. చూస్తుండగానే కార్డ్స్ అయిపోతాయి.

నేను అది విన్న రోజుకి గిటార్ పట్టుకుని మూడు వారాలు. వేళ్ల చివర్లు బొబ్బలెక్కి, శ్రుతి చేయడం కూడా రాక, మానేద్దామని పెట్టెలో పెట్టేశాను. నా గదిలో నేను తీసిన అపశ్రుతులే రికార్డులోంచి వినిపించాయి. ఆ రాత్రే మళ్లీ బయటికి తీశాను.

ఆ మూడున్నర నిమిషాలు విడిగా వింటే శ్రుతి చేసుకుంటున్న చప్పుడు, అంతే. ముందు ఆ లోకాన్ని ఏలే పూజారుల గర్జన, తర్వాత వాళ్లు ఆ గిటార్‌ని కాదనడం, ఇవి ఉంటేనే దానికి ప్రాణం. ముక్క అంటే విడదీసినా బతికేది. ఇది బతకదు.

---

కత్తి_టేపు

ఆరు_తీగలు గారూ, 'డిస్కవరీ' విషయంలో ఒప్పుకుంటున్నా. అక్కడ కథ ముందు పుట్టింది, సంగీతం దాని కొలతకి కుట్టారు. నా అభ్యంతరం కొలత లేకుండా కుట్టిన వాటి మీద. 'విల్లో ఫార్మ్' అక్కడ లేకపోయినా పాట నడిచేదా లేదా? నడిచేది. నా ప్రశ్న అదే.

---

కొత్తశ్రోత

అందరికంటే చిన్నవాణ్ణి, తప్పైతే క్షమించండి అన్నా. నేను 'ఎకోస్'ని ఐదారేళ్లుగా రెండు పాటలు అనుకుంటున్నాను!

నేను ముందు చూసింది 'లైవ్ ఎట్ పాంపే' సినిమా. ఖాళీ రాతి ప్రాంగణంలో, ప్రేక్షకుడే లేకుండా వాయిస్తారే, అది. అందులో 'ఎకోస్' మొదటి సగంతో సినిమా మొదలవుతుంది, రెండో సగంతో ముగుస్తుంది. నా ఫోన్‌లో కూడా రెండు ఫైళ్లుగానే ఉంది. ఎప్పుడూ మొదటిదే వింటాను. రెండోదానిలో గాలి, అరుపులు, భయంగా ఉంటుంది. మరి అలా రెండుగా కోసినా సినిమా అంత బాగా ఉందంటే, కత్తి_టేపు అన్న చెప్పిందే నిజమా?

---

ఆర్గాన్_పిచ్చి

తమ్ముడూ, 'మెడిల్' (1971)లో ఉన్నది ఒకసారి ఆపకుండా విను. ఫోన్ పక్కన పెట్టేసి, దీపం తీసేసి. మొదట వినిపించే ఆ 'టింగ్' రిక్ రైట్ పియానోలో ఒకే ఒక్క స్వరం, గిర్రున తిరిగే లెస్లీ స్పీకర్ గుండా పంపారు. నువ్వు భయపడే ఆ అరుపులు డేవిడ్ గిల్మర్ గిటారే, కాలితో తొక్కి గిటార్ శబ్దాన్ని మార్చే వా పెడల్‌కి వైర్లు అటుదిటు తగిలిస్తే వచ్చిన కూత. ఇంకేమీ చెప్పను. విన్నాక రాయి.

కత్తి_టేపు గారికి: 'విల్లో ఫార్మ్' లేకపోతే పాట నడిచేదేమో. కానీ నేను చెప్పిన ఆ తొలి బాణీ తిరిగొచ్చినప్పుడు అంత దూరం నుంచి వచ్చినట్టు ఉండేది కాదు. మధ్యలో ఆ పిచ్చి గందరగోళంలో పడి మనం మొదటి బాణీని పూర్తిగా మర్చిపోతాం. మర్చిపోయాం కాబట్టే కలిసినప్పుడు గొంతు పూడుకుపోతుంది. అతుకు ఎక్కడుందో మీ చెవికి తెలుస్తుంది, కాదనను. నా చెవి ఆ సమయంలో వేరేది వింటోంది.

---

పాత_రికార్డు

'క్లోజ్ టు ది ఎడ్జ్' మొదట్లో వచ్చే పక్షులు, నీళ్ల చప్పుడు చివర్లో మళ్లీ వస్తాయి, గమనించారా? ఆ రెంటి మధ్య ఎన్ని అతుకులున్నా నాకు ఫరవాలేదు.

---

కొత్తశ్రోత

విన్నాను అన్నా. ఇప్పుడే.

అరుపుల దగ్గర ఆపేద్దామనుకున్నా, ఆపలేదు. అవి సన్నగిల్లిపోయి ఏమీ మిగల్లేదు అనుకుంటుండగా, 15వ నిమిషం దగ్గర, ఆ 'టింగ్' మళ్లీ పడింది. ఒక్కటి. నాకు వీపు మీద వెంట్రుకలు లేచాయి. తర్వాత ఆర్గాన్ మెల్లగా కింద నుంచి నిండుతూ వచ్చింది, మళ్లీ పాట అందుకున్నారు. ఇన్నేళ్లూ నేను ఆ టింగ్ మొదలు ఒక్కటే విన్నాను.

ఫోన్‌లో ఆ రెండు ఫైళ్లూ తీసేశాను.

---

కత్తి_టేపు

'ఎకోస్' నీకు ఇచ్చేశాను తమ్ముడూ. 'విల్లో ఫార్మ్' మాత్రం ఇవ్వను. ఈ రాత్రి వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ వాళ్ల 'ఎ ప్లేగ్ ఆఫ్ లైట్‌హౌస్ కీపర్స్' పెడుతున్నా. 1971, 23 నిమిషాలు, అది కూడా విడివిడి భాగాలుగా రికార్డు చేసి కలిపిందే. ఈసారి అతుకులు లెక్కపెట్టకుండా వినడానికి చూస్తాను. రేపు వచ్చి చెప్తా.