హాస్టల్ పిల్లల బాధ్యత ఎవరిది?

భూపాలపల్లి నాన్న:
మా బాబును హన్మకొండలో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో చేర్చాను. అడ్మిషన్ ఫారంలో "విద్యార్థికి ఏం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదు" అని ఉంది. సంతకం పెట్టాను గానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఇది సబబేనా?

ఫిజిక్స్ లెక్చరర్:
మా వైపు కూడా చూడండి. వంద మందికి పైగా పిల్లలకు ఒకే వార్డెన్. ఎవరి మనసులో ఏముందో ఆయనకు ఎట్లా తెలుస్తుంది? ఆదివారం ఫోన్ వస్తే ఇంటివాళ్లు మొదట అడిగేది వీక్లీ టెస్టు మార్కులే. టెన్షన్ ఇంటి నుంచే మొదలైతే, తప్పు మా ఒక్కరి మీద వేస్తారా?

కాజీపేట అక్క:
సార్, వార్డెన్ కష్టం నిజమే. కానీ వంద మందికి ఒక్కరినే పెట్టింది ఎవరు? యాజమాన్యమే కదా. ఫోన్ దగ్గర పెట్టుకోనివ్వరు, ఔటింగ్ లేదు, ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్. పిల్లాడు అన్నం మానేస్తే ఇంట్లో అమ్మకు ఆ పూటే తెలుస్తుంది. అమ్మ చూడలేనంత దూరంలో, గేటు లోపల పెట్టుకున్నాక ఆ చూపు కాలేజీకే ఉండాలి. ఫీజుతో పాటు తీసుకున్నది ఆ బాధ్యతే.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దంది. సకాలంలో పట్టించుకోకపోవడం వల్ల పిల్లల ప్రాణం మీదికి వస్తే అది సంస్థ తప్పే అవుతుందని కూడా చెప్పింది. ఆ తర్వాత కూడా ఫారంలో ఒక లైన్ రాయించుకుని చేతులు దులుపుకుంటామంటే ఎట్లా?

అన్నా, కాలేజీకి వెళ్లి కౌన్సెలర్ ఎవరు, ఏ రోజు వస్తారు, పిల్లలు నేరుగా కలవొచ్చా అని అడగండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 హాస్టల్ గోడ మీద ఉందో లేదో చూడండి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఫిజిక్స్ లెక్చరర్:
కౌన్సెలర్ ఉండాలన్నది ఒప్పుకుంటాను. బ్యాచ్‌ల సంగతే కష్టం. స్టార్ బ్యాచ్ లేదంటే తల్లిదండ్రులే అడ్మిషన్ తీసుకోరు.

భూపాలపల్లి నాన్న:
నేనూ అదే అడిగి చేర్చాను సార్. సోమవారం కాలేజీకి వెళ్తున్నా. ఆ లైన్ కొట్టేసి ఫారం మళ్లీ ఇమ్మని అడుగుతా.