కారణం తేలకముందే ప్రకటన ఇవ్వాలా?

ప్రశ్న: మా సర్వర్లు ఉదయం నుంచి పనిచేయడం లేదు. కారణం తేలేదాకా నోరు మెదపవద్దని పైఅధికారులు అంటున్నారు. ప్రజా సంబంధాలు చూసే నేను వాళ్లను ఎలా ఒప్పించాలి?

జవాబు: 1982లో షికాగో ప్రాంతంలో సైనైడ్ కలిసిన టైలెనాల్ అనే నొప్పి మందుతో ఏడుగురు చనిపోయారు. ఎవరు కలిపారో తెలియకుండానే ఆ మందు కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించింది. ఇది చూపించండి. కారణం కోసం ఆగితే నమ్మకం ఆగదండి!

జవాబు: పై జవాబుతో ఏకీభవిస్తాను. అయితే ఊహలు మాత్రం రాయకండి. “సాయంత్రం ఐదింటికి మళ్లీ తెలియజేస్తాం” అని రాస్తే, కొత్త సంగతి లేకపోయినా ఐదింటికి రాయాల్సిందే.

జవాబు: ఫోన్లు ఎత్తే సిబ్బందికి ఆ ప్రకటన ముందుగా పంపండి. తిట్లు పడేది వాళ్లే కదా.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. సిబ్బందికి ఇప్పుడే పంపుతున్నాను.