చంద్రగ్రహణం రాత్రి: ఫొటో టీమ్ ఏర్పాట్లు

ఫొటో టీమ్ లీడ్:
అందరికీ నమస్కారం. సంఘం తరఫున మూడు కెమెరాలు పెడదాం: దగ్గరి షాట్లకు ఒకటి, గ్రహణం మొత్తం ఒకే ఫ్రేములో వరసగా రావడానికి ఒకటి, హాల్లో స్క్రీన్‌కి ఒకటి. మామూలు పున్నమి చంద్రుడికీ, పూర్తిగా నీడలో ఉన్న చంద్రుడికీ వెలుగులో దాదాపు 12 స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు), అంటే నాలుగు వేల రెట్లు. దగ్గరి షాట్లు తీసేవాళ్లు సెట్టింగులు మారుస్తూనే ఉండాలి. వాళ్లకి ఆ రాత్రి పార్కింగ్, రిజిస్ట్రేషన్ డ్యూటీలు వేయకండి.

కొత్త వాలంటీర్:
అన్నా, నా దగ్గర 200 మి.మీ. లెన్స్ ఉంది. పనికొస్తుందా?

లీడ్:
ఫోకల్ లెంగ్త్‌ని 110తో భాగించు, సెన్సార్ మీద చంద్రుడి సైజు వస్తుంది. 200కి 1.8 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ ఎత్తు 24 మి.మీ. కాబట్టి చుక్కంతే. దగ్గరి షాట్లకి కనీసం 400 కావాలి. నీది స్క్రీన్ కెమెరాకి పెడదాం.

టెలి కెమెరా:
ఆ డ్యూటీ నాది. 400 మి.మీ., ఎఫ్/5.6 (లెన్స్ రంధ్రం సైజు), ట్రాకర్ (ఆకాశంతో పాటు కెమెరాని తిప్పే పరికరం) లేదు. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సార్ సున్నితత్వం), షట్టర్ ఎంత పెట్టుకోవాలి అన్నా?

లీడ్:
గ్రహణానికి ముందు ఐఎస్ఓ 100, ఎఫ్/8, 1/200 సెకను. పాక్షికంలో మొదట వెలుగున్న భాగానికే కొలవండి, లేకపోతే అది తెల్లగా మాడిపోతుంది. సన్నని నెలవంకంత మిగిలాక ప్రతి రెండు నిమిషాలకీ ఒక బ్రాకెట్: రెండేసి స్టాపుల తేడాతో ఐదు ఫ్రేములు.

సంపూర్ణంలో ఎఫ్/5.6, ఐఎస్ఓ 3200, అర సెకనుతో మొదలుపెట్టండి. ట్రాకర్ లేదు కాబట్టి అంతకంటే సాగదీయొద్దు. చంద్రుడు సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) జరుగుతాడు. 400 మి.మీ.తో, 4 మైక్రాన్ల పిక్సెల్ మీద అది దాదాపు ఏడు పిక్సెళ్లు. పావు సెకనులో రెండే. గీతలు పడిన ఫొటో కంటే గింజలు పడిన ఫొటో నయం.

ఎరుపు ఎంత ముదురుతుందో ముందే చెప్పలేం. ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త ఆంద్రే డాంజోన్ స్కేలులో 0 (దాదాపు కనిపించనంత నలుపు) నుంచి 4 (వెలుగైన రాగి రంగు) దాకా ఉంటుంది. ఒక్కో మెట్టు దిగితే సుమారు రెండు స్టాపులు ఎక్కువ కావాలి. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో అగ్నిపర్వతం పేలాక 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు బాగా నల్లబడ్డాడు, గాలిలోని అగ్నిపర్వత ధూళి వల్ల.

టెలి కెమెరా:
హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) చూస్తే చాలు కదా?

లీడ్:
మామూలు హిస్టోగ్రామ్ మోసం చేస్తుంది. మధ్యలో బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎరుపు ఛానల్ మాత్రం కుడివైపు తెగిపోయి ఉంటుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపేది) పెట్టండి. రా ఫార్మాట్ (కెమెరా మార్పులు చేయని ఫైలు), వైట్ బ్యాలెన్స్ డేలైట్. ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ ఎరుపునే తప్పు అనుకుని చెరిపేస్తుంది. సంపూర్ణం మొదలయ్యేటప్పుడూ ముగిసేటప్పుడూ నీడ అంచున సన్నని నీలి పట్టీ వస్తుంది. ఓజోన్ పొర గుండా వచ్చిన వెలుగు అది. కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆ సమయంలో లెన్స్ మార్చడాలు పెట్టుకోవద్దు.

ఫోకస్ గ్రహణానికి ముందే, వెలుగు బాగా ఉన్నప్పుడు. లైవ్ వ్యూలో పది రెట్లు పెంచి చంద్రుడి అంచు మీద చేయాలి, ఎందుకంటే పున్నమినాడు గుంతల నీడలు కనిపించవు. తర్వాత మాన్యువల్‌కి మార్చి రింగుకి టేపు వేయండి. చలి పెరిగితే ఫోకస్ జరుగుతుంది, సంపూర్ణంలో పక్కన కనిపించే ఒక నక్షత్రం మీద మళ్లీ సరిచూడండి. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే సెట్టింగు) ఆపేయండి. రెండు సెకన్ల టైమర్ తప్పనిసరి.

వైడ్ కెమెరా:
నాది 24 మి.మీ., ఫుల్ ఫ్రేమ్. గ్రహణమంతా పడుతుందా?

లీడ్:
పడుతుంది. అడ్డంగా 74 డిగ్రీలు, ఆకాశం గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. చంద్రుడి దారి ఏ వాలుగా వెళుతుందో ముందు రోజే అదే చోట చూసుకోండి. ఇంటర్వెలోమీటర్‌ని (నిర్ణీత సమయానికి తనే ఫొటో తీయించే పరికరం) ఐదు నిమిషాలకి పెడితే రెండు చంద్రుల మధ్య ఒకటిన్నర చంద్రుడంత ఖాళీ వస్తుంది. ట్రైపాడ్‌ని ఎవరూ తగలకూడదు. కాళ్ల చుట్టూ తెల్ల రిబ్బన్, మధ్య కొక్కానికి బరువైన సంచీ.

హాల్, కరెంటు టీమ్:
సంపూర్ణం మొదలయ్యే పావుగంట ముందు బయటి లైట్లు ఆపుతాం. గుమ్మం, మెట్ల లైట్లు మాత్రం ఉంచాలి, పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటారు. వాటికి ఎర్ర జిలుగు కాగితం చుడదామా?

లీడ్:
చుట్టండి, బల్బుకి తాకకుండా. స్క్రీన్ కెమెరాకి డమ్మీ బ్యాటరీ (కెమెరాని నేరుగా కరెంటుకి కలిపేది), హెచ్‌డీఎంఐ కేబుల్, దాన్ని నేలకి అతికించే టేపు మీరే చూడాలి. ఆటో పవర్ ఆఫ్ తీసేయండి, లేదంటే సరిగ్గా కీలక సమయంలో స్క్రీన్ నల్లబడుతుంది. ట్రాకర్ ఎవరైనా తెస్తే నక్షత్రాల వేగం కాదు, లూనార్ రేటు (చంద్రుడి వేగం) పెట్టాలి. నక్షత్రాల వేగంలో ఉంచితే గంటలో చంద్రుడు తన వెడల్పంత పక్కకి జారిపోతాడు.

స్క్రీన్ వాలంటీర్:
మంచు పడితే లెన్స్ తుడవచ్చా?

లీడ్:
తుడిస్తే మరకే మిగులుతుంది. ముందుగానే హ్యాండ్ వార్మర్ ఒకటి లెన్స్ ముందు భాగానికి రబ్బరు బ్యాండుతో కట్టండి, ఫోకస్ రింగుని తాకకుండా. స్పేర్ బ్యాటరీలు జేబులో పెట్టుకోండి, చలిలో త్వరగా దిగిపోతాయి. సూర్యగ్రహణం ఫిల్టర్లు తేవొద్దు, ఇక్కడ వాటితో పనిలేదు.

మధ్యాహ్నమే మూడు కెమెరాల గడియారాలూ ఒకే ఫోన్ చూసి సెకనుతో సహా కలపండి. డేలైట్ సేవింగ్ సెట్టింగు కూడా చూడండి, తర్వాత ఫొటోలు కలిపేటప్పుడు గంట తేడా వస్తే వరస అంతా చేత్తో సర్దాలి.