నలభై దాటిన తమ్ముడు, ఆటిజం, పంటి నొప్పి: మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారు?

కొర్లగుంట_అక్క: తమ్ముడికి 43. మాటలు పది పదిహేను, అంతే. నెలరోజులు రాత్రుళ్లు నిద్రపోకుండా చెంప మీద కొట్టుకున్నాడు. డాక్టరుకు చెబితే ఆటిజంలో ఇది మామూలేనని మాత్ర డోసు పెంచాడు. చెంప వాచాక చూస్తే దవడ పన్ను పుచ్చి చీము పట్టింది. ఆ నెలంతా ఇడ్లీ కూడా ఎడమ పక్కే నమిలేవాడు, చూస్తూ కూడా మాకు తట్టలేదు, అదే బాధ. వచ్చే వారం మత్తిచ్చి తీస్తారట. టెన్షన్‌గా ఉంది. చిన్నపిల్లలకైతే థెరపీ సెంటర్లు బోలెడు, వీళ్లని ఎక్కడికి తీసుకుపోవాలి?

చిత్తూరు_రిటైర్డ్: మావాడికి 29, వాడిదీ ఇదే కథ, కాకపోతే మలబద్ధకం. మూడు రోజులు కాకపోతే తల గోడకు కొట్టుకుంటాడు. ప్రవర్తన ఉన్నట్టుండి మారితే ముందు పళ్లు, చెవులు, కడుపు చూపించండమ్మా, డోసు సంగతి తర్వాత. ప్రవర్తనకని ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మాత్రలు వాడుతుంటే బరువు, షుగరు కూడా చూపిస్తుండండి, మావాడు రెండేళ్లలో 14 కిలోలు పెరిగాడు.

నైట్‌డ్యూటీ: నర్సుని. ఒకరోజు ముందే తీసుకెళ్లి ఆ గది, ఆ కుర్చీ చూపించి వచ్చేయండి, ఏమీ చేయించొద్దు. బీపీ పట్టీ ఇంట్లోనే కట్టి అలవాటు చేయండి. పొద్దున మొదటి టోకెన్ అడగండి, సిగ్గుపడొద్దు. ఫిట్స్ ఉంటే, వాడే మందులతో సహా మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

చప్పుడు_పడదు: నాకు 46, ఆటిజమని తెలిసింది ఐదేళ్ల కిందటే. నేను మాట్లాడగలను, అయినా డాక్టరు మా ఆవిడనే అడుగుతాడు, ‘ఈయనకి ఎక్కడ నొప్పి’ అని. అక్కా, తమ్ముడికి బొమ్మ గీసి చూపించండి, వేలు పెడతాడేమో. ఇది చిన్నపిల్లల జబ్బన్నట్టు మాట్లాడతారు గానీ, 1943లో కానర్ అనే డాక్టరు ఆటిజం గురించి రాసినప్పటి మొదటి పిల్లాడు డొనాల్డ్ ట్రిప్లెట్ సొంతూళ్లో బ్యాంకులో పనిచేసి 2023లో 89 ఏళ్లకు పోయాడు. ఇంకోటి, వాడికి పడదని జాతర మాన్పించకండి. గంగమ్మ జాతరకు నేను చెవుల్లో దూది పెట్టుకుని మా మిద్దె మీంచి చూస్తా. బండ వేషం వాళ్లు కుంకుమ పూసుకుని వీధిలో పోతుంటే, డప్పులు దూరంగా ఉన్నంతసేపు, నాకంటే సంతోషంగా ఉండేవాడు లేడు.

చిత్తూరు_రిటైర్డ్: కాగితాలు మరిచిపోవద్దు. 18 దాటాక అమ్మానాన్నలు కూడా వాళ్లంతట వాళ్లే గార్డియన్లు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. ఆ ట్రస్టుదే నిరామయ ఆరోగ్య బీమా, లక్ష వరకు, ఓపీ, థెరపీలకు కూడా వస్తుంది. మీ నాన్నగారిది గవర్నమెంటు పెన్షన్ అయితే, తమ్ముడి పేరు ఇప్పుడే ఎక్కించండి. పెద్దాయన పోయాక తిరగడం నరకం, మా అన్న ఇంట్లో చూశా.

కొర్లగుంట_అక్క: నిన్న బీపీ పట్టీ కట్టా. రెండుసార్లు లాగేశాడు, మూడోసారి వాడే చెయ్యి చాపాడు! బొమ్మ చూపిస్తే మాత్రం పన్ను వదిలేసి పొట్ట మీద వేలు పెట్టాడు, అదీ చూపించాలి. అమ్మకు 71. గార్డియన్ మాట ఎత్తగానే ‘నేనింకా ఉన్నా కదే’ అని లేచి వంటింట్లోకి పోయింది. మీ అమ్మలను ఎట్లా ఒప్పించారో ఎవరన్నా చెప్పండి.