సూపర్‌వైజర్ ఒక్కరే ఉంటే ట్రైనీల చేత రిఫ్లెక్షన్ ఎలా చేయించాలి?

క్లినికల్ సైకాలజీ ట్రైనీలు ఆరుగురు, రెండేళ్ల కోర్సు, సూపర్‌వైజర్ ఒక్కరే. వారానికో రిఫ్లెక్టివ్ జర్నల్ (సెషన్‌లో తాము చేసినదాన్ని, తమకు అనిపించినదాన్ని వెనక్కి తిరిగి చూసుకుంటూ రాసే డైరీ) రాయిస్తున్నాం, విద్యా పరిశోధకుడు గ్రహామ్ గిబ్స్ 1988లో ఇచ్చిన ఆరు దశల ప్రకారం. 10 మార్కులు పెడితే అందరిదీ ఒకే మూస: "కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్ గమనించాను" (అంటే క్లయింటు పట్ల తమలో కలిగిన భావోద్వేగ స్పందన). క్లయింటు ఏ మాటన్నప్పుడు తమకేం అనిపించిందో, ఆపై ఏ ప్రశ్న అడగకుండా దాటేశారో ఒక్క ముక్క ఉండదు. మార్కులు తీసేస్తే నాలుగో వారానికల్లా రెండు లైన్లకు దిగింది.

తర్వాత 60 నిమిషాల గ్రూపు చర్చ పెట్టాం. తమకూ డిప్రెషన్ ఉండేదని విడిగా చెప్పినవాళ్లే అక్కడ నోరు విప్పలేదు. వినేదీ మార్కులేసేదీ ఒకే మనిషైతే ఎవరు మాత్రం చెబుతారు! బయటి ఫెసిలిటేటర్‌కు బడ్జెట్ లేదు.

ఇలా ఒక్క సూపర్‌వైజరే ఉన్నచోట, మూల్యాంకనం నుంచి రిఫ్లెక్షన్‌ను మీరు ఎలా వేరుచేస్తున్నారు?